ఇంటి కంప్యూటరు దగ్గితే ఏం చేయాలి?

"బేటా, రాత్రి ఆ డబ్బా మళ్ళీ దగ్గింది."

మా అమ్మీ ఈ మాట మొదటిసారి అన్నప్పుడు ఇంట్లో అందరం నవ్వాం. మా ఇంటి కంప్యూటరు ఉండేది ఆమె పడుకునే గదిలోనే, కిటికీ పక్కన బల్ల మీద. రాత్రిళ్ళు దాన్ని ఆపకుండా తెర మాత్రం ఆర్పేసి వదిలేయడం పిల్లలకు అలవాటు. "బల్లి అయి ఉంటుంది అమ్మీ" అన్నాను. "బల్లి చప్పుడు నాకు తెలియదా?" అని ఆమె ఊరుకుంది.

నేను వెళ్ళి విన్నప్పుడు ఏ చప్పుడూ లేదు. మర్నాడూ లేదు. మూడోనాడు పగలు నాకే ఒకసారి "టక్... బీప్" అని వినిపించింది, వెంటనే ఆగిపోయింది. కంప్యూటరు మాత్రం నిక్షేపంగా పనిచేస్తోంది. కంప్యూటర్లతో ఎన్నో ఏళ్ళుగా పనిచేస్తున్నవాణ్ణి, చుట్టాల ఇళ్ళలో ఏ యంత్రం మొరాయించినా ఫోను వచ్చేది నాకే. అయినా మా ఇంట్లో చప్పుడు ఎక్కడిదో చెప్పలేకపోయాను. అది తేలడానికి దాదాపు మూడు వారాలు పట్టింది. అందులో ఒక వారం ఆలస్యం పూర్తిగా నా తప్పు వల్ల జరిగింది. ఆ వారానికి మేము చెల్లించిన మూల్యం చివర్లో చెబుతాను.

నేడు మన ఇళ్ళలో కంప్యూటరు అంటే ఆట వస్తువు కాదు. పిల్లల సర్టిఫికెట్లు, పెళ్ళిళ్ళ ఫోటోలు, దుకాణం లెక్కలు, స్థలం కాగితాల నకళ్ళు అన్నీ అందులోనే. అది వింతగా చప్పుడు చేస్తుంటే దాని అర్థమేమిటో ఇంట్లో ఒకరికైనా తెలిసి ఉండాలి. అందుకు ఇంజనీరింగు చదవనక్కరలేదు. కొంచెం ఓపిక, ఒక నోటుపుస్తకం ఉంటే చాలు.

ఉండి ఉండి వచ్చే చప్పుడు ఎందుకు దొరకదు?

ఎప్పుడూ మోగే చప్పుడును పట్టుకోవడం తేలిక. అప్పుడప్పుడు మోగేదానితోనే తంటా. మెకానిక్ వచ్చేసరికి అది మాయమవుతుంది. పంటినొప్పి డాక్టరు గుమ్మం ఎక్కగానే తగ్గినట్టు అన్నమాట.

రెండో కారణం మన చెవులు. ఒక శబ్దం ఎడమ నుంచి వచ్చిందో కుడి నుంచి వచ్చిందో మెదడు ఎలా పసిగడుతుంది? శబ్దం ఒక చెవికి ముందు, రెండో చెవికి కాస్త వెనుక చేరుతుంది. ఆ తేడా ఎంత ఎక్కువైనా సెకనులో వెయ్యో వంతు కూడా ఉండదు. రెండు చెవులకూ వినిపించే స్థాయిలో ఉండే తేడా ఇంకో ఆధారం. చిటిక వేసినట్టు వచ్చే చప్పుడుకు ఈ లెక్క బాగానే కుదురుతుంది. కాని సన్నగా, ఒకే స్వరంలో, క్షణకాలం మోగే "బీప్" దగ్గర మెదడు తికమకపడుతుంది. పైగా గోడలకు తగిలి ప్రతిధ్వని కూడా కలుస్తుంది. అందుకే బల్ల కింద మోగిన బీప్ అలమారులోంచి వచ్చినట్టు అనిపిస్తుంది. గదిలో నలుగురుంటే నలుగురూ నాలుగు దిక్కులు చూపిస్తారు. ఎవరూ అబద్ధం చెప్పడం లేదు.

కాబట్టి చెవిని మాత్రమే నమ్ముకుంటే కుదరదు. రాసిపెట్టుకోవాలి.

మొదటి పని: రాసిపెట్టుకోవడం

చప్పుడు వినబడిన ప్రతిసారీ నాలుగు సంగతులు రాయండి. ఏ తేదీ, ఎన్ని గంటలకు? ఎలాంటి చప్పుడు – టక్కుమందా, బీప్‌మందా, గరగరలాడిందా, సంగీతంలా మోగిందా? ఎన్నిసార్లు? ఆ సమయంలో ఏం జరుగుతోంది – కరెంటు పోయిందా, ఫోను మోగిందా, ఎవరైనా కంప్యూటరు వాడుతున్నారా, మోటారు వేశారా?

మా ఇంట్లో ఈ పని అమ్మీయే చేసింది. పాల లెక్కల పుస్తకం వెనుక పేజీల్లో, గోడ గడియారం చూసి, పెన్సిలుతో రాసింది. పది రోజులకు ఆ పేజీ చూస్తే నాకు నోట మాట రాలేదు. చప్పుళ్ళు ఇష్టమొచ్చినట్టు రావడం లేదు. కొన్ని పొద్దున్న 6 గంటలకు, సాయంత్రం 5 గంటలకు. మరికొన్ని రాత్రి 2 గంటలు దాటాక. మధ్యలో దాదాపు ఏమీ లేదు. ఆమె మొదటి రోజు నుంచీ సరిగ్గానే వింటోంది, మేమే ఆమె మాట వినలేదు.

ఉండి ఉండి వచ్చే చప్పుడుకు కూడా ఒక వేళ ఉంటుంది. ఆ వేళ తెలిస్తే సగం సంగతి తెలిసినట్టే.

రెండో పని: స్పీకరు నుంచా, పెట్టెలోంచా?

కంప్యూటరు చప్పుళ్ళన్నీ మూడు రకాలే. స్పీకరులోంచి వచ్చేవి ఒకటి, కంప్యూటరు పెట్టెలోంచి వచ్చేవి రెండు, కంప్యూటరువి కాకుండా దాని దగ్గర ఉన్న వస్తువులవి మూడు. ఈ మూటలు విడదీయడానికి ఖర్చు లేని పరీక్ష ఒకటుంది. స్పీకరు స్విచ్చి కట్టేసి, దాని తీగ కంప్యూటరు నుంచి కూడా ఊడదీయండి. ల్యాప్‌టాప్ అయితే మ్యూట్ చేయండి. ఒకటి రెండు రోజులు చూడండి. చప్పుడు ఆగిపోతే అది స్పీకరుది. ఆగకపోతే పెట్టెదో పక్క వస్తువుదో. ఈ పరీక్ష చేయకుండా ఏ భాగమూ కొనకండి. స్పీకర్లు మార్చి, ఫ్యాను మార్చి, చివరికి తప్పు ఒక ప్రోగ్రాముదని తెలుసుకున్నవారిని నేను చూశాను.

స్పీకరులోంచి వచ్చే చప్పుళ్ళు

అన్నిటికన్నా సామాన్యమైనది "డ-డింగ్" అనే రెండు స్వరాల చప్పుడు. విండోస్‌లో ఏదైనా యూఎస్‌బీ వస్తువు తగిలిస్తే స్వరం కింది నుంచి పైకి పోతుంది, ఊడదీస్తే పై నుంచి కిందికి దిగుతుంది. ఎవరూ ఏమీ ముట్టుకోకుండానే ఈ జంట చప్పుడు వస్తోందంటే ఒక యూఎస్‌బీ వస్తువు దానంతట అదే తెగి, మళ్ళీ కలుస్తోందన్నమాట. ప్రింటరు తీగ వదులై ఉండవచ్చు, మౌసు తీగ లోపల తెగి ఉండవచ్చు, సాకెట్టు అరిగి ఉండవచ్చు. ఒక్కొక్కటిగా ఊడదీసి, ఒక్కోదానికి ఒక రోజు చొప్పున చూస్తే దొంగ దొరుకుతాడు.

వేరే గంట శబ్దమేదైనా వస్తుంటే కంట్రోల్ ప్యానెల్‌లో సౌండ్ అనే చోటికి వెళ్ళి, సౌండ్స్ అనే పుటను తెరవండి. కంప్యూటరు ఏ సందర్భానికి ఏ శబ్దం చేస్తుందో అక్కడ పట్టిక ఉంటుంది. ఒక్కొక్కదాన్నీ మోగించి చూడవచ్చు. మీరు విన్నది ఏదో అక్కడే తెలిసిపోతుంది.

పట్టికలో లేకపోతే అది ఏదో ప్రోగ్రాముదో వెబ్‌సైటుదో. బ్రౌజరులో ఏ ట్యాబు శబ్దం చేస్తుంటే ఆ ట్యాబు మీద చిన్న స్పీకరు బొమ్మ కనిపిస్తుంది. గడియారం పక్కనున్న స్పీకరు గుర్తు మీద కుడి క్లిక్కు చేసి వాల్యూమ్ మిక్సర్ తెరిస్తే శబ్దం చేసే ప్రోగ్రాముల జాబితా వస్తుంది. విండోస్ 7, 10 లలో మోగుతున్న దాని దగ్గర ఆకుపచ్చ గీత పైకి కిందికి ఆడుతుంది. వార్తల సైటో, కొనుగోళ్ళ సైటో "నోటిఫికేషన్లు పంపమంటారా?" అని అడిగినప్పుడు పిల్లలు అలవాటుగా "సరే" నొక్కేస్తారు. అప్పటి నుంచి అది వేళాపాళా లేకుండా గంట కొడుతూనే ఉంటుంది. బ్రౌజరు సెట్టింగులలో నోటిఫికేషన్ల జాబితా తెరిచి అక్కరలేనివన్నీ తీసేయండి.

స్పీకరు "డుగు డుగు డుగు... జ్జ్" అని, ఆ వెంటనే ఫోను మోగితే అది దయ్యమూ కాదు, వైరసూ కాదు. 2జీ పద్ధతిలో పనిచేసే ఫోను సెకనుకు దాదాపు 217 సార్లు కొద్ది కొద్దిగా రేడియో తరంగాలను వదులుతుంది. ఆ తరంగాలను స్పీకరు తీగలు పట్టుకుంటాయి. ఇంట్లో పెద్దవాళ్ళ బటన్ ఫోను స్పీకరు పక్కన పెట్టి ఉంటే ఇది జరుగుతుంది. ఫోనును రెండు మూడు అడుగుల దూరం జరపండి, అదే మందు. ఎడతెగని "హుమ్" శబ్దమైతే కరెంటుది. మన దేశంలో కరెంటు సెకనుకు 100 సార్లు దిశ మారుతుంది. ఎర్తింగు సరిగా లేకపోతే ఆ కంపనమే స్పీకరులో వినిపిస్తుంది. కంప్యూటరు, స్పీకరు రెండింటినీ ఒకే బోర్డుకు తగిలించి చూడండి. తగ్గకపోతే ఎలక్ట్రీషియనును పిలిచి ఎర్తింగు చూపించండి. అది చప్పుడు కోసం మాత్రమే కాదు, ప్రాణభద్రత కోసం కూడా.

స్పీకరు నుంచి వచ్చేవాటిలో ఒక్కటి మాత్రం నిజంగా ప్రమాదకరం. ఏదో సైటు చూస్తుండగా ఉన్నట్టుండి సైరను మోగుతుంది. తెరంతా ఎర్రగా మారుతుంది. "మీ కంప్యూటరులో వైరస్ చేరింది, ఆపవద్దు, వెంటనే ఈ నంబరుకు ఫోను చేయండి" అని ఒక గొంతు చెబుతుంది. ఇది పచ్చి మోసం. మీ కంప్యూటరుకు ఏమీ కాలేదు. ఫోను చేస్తే అవతలివాడు సాయం చేస్తున్నట్టు నటించి, కంప్యూటరును తన చేతిలోకి తీసుకుని బ్యాంకు ఖాతా ఊడ్చేస్తాడు. ఆ నంబరుకు ఫోను చేయకండి. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది, అందులోంచి బ్రౌజరును మూసేయండి. అదీ చేతకాకపోతే కంప్యూటరునే ఆపేయండి. ఎవరైనా ఇప్పటికే డబ్బు పోగొట్టుకుని ఉంటే సిగ్గుపడి దాచకుండా వెంటనే 1930 నంబరుకు ఫోను చేయాలి. సైబరు ఆర్థిక మోసాల ఫిర్యాదుకు దేశమంతటికీ అదే నంబరు. ఎంత త్వరగా చెబితే డబ్బును మధ్యలో ఆపగలిగే అవకాశం అంత ఎక్కువ.

పెట్టెలోంచి వచ్చే చప్పుళ్ళు

స్పీకరు ఊడదీసినా చప్పుడు ఆగలేదంటే పెట్టె దగ్గరికి రావాలి. పాత మోటారు మెకానిక్కుల ఉపాయం ఒకటి ఇక్కడ పనికొస్తుంది. వార్తాపత్రికను గొట్టంలా చుట్టి, ఒక కొస చెవికి ఆనించి, రెండో కొసను పెట్టె బయట ఒక్కో చోటికి జరుపుతూ వినండి. చప్పుడు ముందు భాగంలోదా, వెనుకదా, పైదా, కిందిదా అన్నది చాలావరకు తెలిసిపోతుంది.

గరగర, గుర్రుమనే చప్పుడు చాలావరకు ఫ్యానుదే. పొద్దున్న వేయగానే ఐదు నిమిషాలు గరగరలాడి తర్వాత సర్దుకుంటే ఫ్యాను ఇరుసులో నూనె ఎండిపోయిందని అర్థం. కొద్ది నెలల్లో అది ఆగిపోవచ్చు, ముందే మార్చేయడం మేలు. ఎండాకాలంలో మాత్రమే హోరు పెరిగితే దుమ్ము పేరుకుని వేడి బయటకు పోవడం లేదు. "టర్ర్" మని తగిలి తగలనట్టు వస్తే లోపలి తీగ ఏదో రెక్కలకు రాసుకుంటోంది. శుభ్రం చేసేటప్పుడు కంప్యూటరు ఆపి, ప్లగ్గు పీకి, ఫ్యాను రెక్కను వేలితో పట్టుకుని ఉంచి మెత్తని బ్రష్షుతో దుమ్ము తీయండి. బ్లోయరు గాలికి రెక్కలను విచ్చలవిడిగా తిరగనిస్తే ఇరుసు పాడవుతుంది. కరెంటు వచ్చే పవర్ సప్లై డబ్బాను మాత్రం విప్పకండి. ప్లగ్గు పీకాక కూడా దానిలో షాకు కొట్టేంత కరెంటు నిలిచి ఉంటుంది.

తెర మీద పేజీ జరిపినప్పుడో, పిల్లలు ఆట ఆడేటప్పుడో దోమ పాడినట్టు "కీ..." మని సన్నగా వస్తే అది లోపలి తీగచుట్టల కంపనం. చెవికి చిరాకే గాని యంత్రానికి హాని లేదు. కంప్యూటరు ఆపాక "టిక్, టిక్" మంటే వేడెక్కిన లోహం చల్లారుతోంది. ఎక్కడో మరిచిపోయిన సీడీ డ్రైవులోనే ఉంటే అది అప్పుడప్పుడు "జుయ్" మని తిరిగి ఆగుతుంది. ఇవేవీ దిగులు పడాల్సినవి కావు.

పెట్టెలోంచే బీప్ వస్తుంటే అది మదర్‌బోర్డు మాట్లాడే భాష. చాలా కంప్యూటర్లలో వేయగానే ఒక్క పొట్టి బీప్ వస్తే అంతా బాగుందని. 1981లో వచ్చిన మొదటి ఐబీఎం పీసీ నాటి నుంచి ఉన్న సంప్రదాయమది. తెర వెలగకుండా బీప్‌లు పదే పదే వస్తే ర్యామ్ వదులైందేమో చూడాలి. ఇల్లు మారినప్పుడు, పెట్టె అటూ ఇటూ జరిపినప్పుడు ఇది మామూలే. నడుస్తుండగా మధ్యలో బీప్‌లు వస్తే కొన్ని బోర్డులలో వేడి మితిమీరిందనో ఫ్యాను ఆగిందనో హెచ్చరిక. ఎన్ని పొడుగు బీప్‌లు, ఎన్ని పొట్టి బీప్‌లు అన్నది రాసి ఉంచండి. కంపెనీని బట్టి వాటి అర్థం మారుతుంది, మెకానిక్కు ఆ లెక్క ఎంతో ఉపయోగపడుతుంది.

ఇక మిగిలింది హార్డ్ డిస్క్. దాని గురించి చెప్పే ముందు మూడో మూట విప్పాలి. ఎందుకంటే నేను బోల్తాపడింది అక్కడే.

పక్క వస్తువులు చేసే చప్పుళ్ళు

కంప్యూటరు పక్కన యూపీఎస్ ఉంటుంది. కరెంటు పోగానే లోపల ఒక రిలే "టక్" మని మారి, బ్యాటరీ మీద నడుస్తున్నానని "బీప్" అంటుంది. ఇది అందరికీ తెలుసు. తెలియని సంగతి ఏమిటంటే, కరెంటు పూర్తిగా పోనక్కరలేదు. వోల్టేజీ కాసేపు పడిపోయినా యూపీఎస్ బ్యాటరీకి మారుతుంది. గదిలో బల్బు వెలుగుతూనే ఉంటుంది కాబట్టి కరెంటు సంగతి ఎవరికీ తోచదు.

అమ్మీ పుస్తకంలోని 6 గంటలు, 5 గంటలు ఏమిటో అప్పుడు వెలిగింది. మా ఇంట్లో నీళ్ళ మోటారు వేసే వేళలవి! మోటారు మొదలయ్యేటప్పుడు ఒక్కసారిగా ఎక్కువ కరెంటు లాగుతుంది, వోల్టేజీ దిగుతుంది, యూపీఎస్ టక్కుమంటుంది. దాని బ్యాటరీ కూడా పాతది. ఇలాంటి బ్యాటరీలు మామూలుగా మూడు నుంచి ఐదేళ్ళు వస్తాయి, మన వేడికి ఇంకా ముందే పోతాయి. బ్యాటరీ మార్పించాను. మోటారుకు వేరే లైను వేయించాను. బీప్ ఆగిపోయింది.

"దొరికింది అమ్మీ, నీ దగ్గు ఇదే" అన్నాను గర్వంగా.

"ఇది కాదు బేటా. పగటిది ఒక్క టక్కు. రాత్రిది దగ్గు, వరసగా వస్తుంది" అంది ఆమె.

నేను వినలేదు. టక్కుకు కారణం దొరికింది, ఇక రాత్రి టక్కు కూడా ఆ రిలేదే అయి ఉంటుందని సర్దిచెప్పుకున్నాను. ఒక చప్పుడుకు కారణం దొరికితే అన్ని చప్పుళ్ళకూ అదే కారణమని అనుకోవడం ఈ పనిలో అతి పెద్ద పొరపాటు. ఒకే గదిలో రెండు చప్పుళ్ళు ఉండవచ్చు, రెండింటికీ రెండు కారణాలు ఉండవచ్చు. కారణం సరిచేశాక పుస్తకం మూసేయకుండా మరో వారం రాస్తూనే ఉండాలి. నేను రాయించలేదు. అలా ఒక వారం పోయింది.

అసలు దగ్గు: హార్డ్ డిస్క్

హార్డ్ డిస్క్ లోపల అద్దంలా మెరిసే పళ్ళేలు తిరుగుతుంటాయి. ఇంటి కంప్యూటర్లలో చాలావాటికి వేగం నిమిషానికి 7200 చుట్లు, అంటే సెకనుకు 120. వాటి మీద చదివే తల పళ్ళేన్ని తాకకుండా కొద్ది నానోమీటర్ల ఎత్తున తేలుతుంది. మన తలవెంట్రుక మందం సుమారు 50 వేల నుంచి లక్ష నానోమీటర్లు. అంటే ఆ సందు ఎంత సన్ననిదో ఊహించండి. ఒక దుమ్ము కణం, ఒక కుదుపు, అకస్మాత్తుగా పోయే కరెంటు – ఇవన్నీ దానికి గండాలే.

మంచి డిస్క్ కూడా చప్పుడు చేస్తుంది. చదివేటప్పుడు మెత్తగా కరకరమంటుంది. పని లేనప్పుడు తలను పక్కకు చేర్చి "టిక్" మని ఒకసారి అంటుంది. భయపడాల్సింది వేరే చప్పుడుకు. "టక్... టక్... టక్..." అని గడియారం కొట్టినట్టు సమంగా వరసగా వస్తుంది, ఆ సమయంలో కంప్యూటరు కొన్ని క్షణాలు బిగుసుకుపోతుంది. తల తాను చదవాల్సిన చోటు దొరకక వెనక్కు వెళ్ళి, మళ్ళీ ప్రయత్నించి, మళ్ళీ వెనక్కు వెళ్తోందన్నమాట. ఈ రంగంలోనివారు దీన్ని క్లిక్ ఆఫ్ డెత్ అంటారు.

మరి రాత్రి 2 గంటలకే ఎందుకు? విండోస్ 8 నుంచి తర్వాతి విండోస్‌లలో యంత్రం ఖాళీగా ఉన్నప్పుడు తనను తాను సర్దుకునే పని ఒకటుంది. దానికి ముందుగా పెట్టి ఉంచిన వేళ రాత్రి 2 గంటలు. పగలు మేము ముట్టుకోని పాత ఫైళ్ళున్న చోట్లకు కూడా అప్పుడు తల వెళ్తోంది. అక్కడే డిస్క్ దెబ్బతిని ఉంది. అందుకే పగలంతా నిక్షేపంగా ఉండి రాత్రి దగ్గుతోంది.

ఇది నాకు తెలిసింది వారం తర్వాత, ఒక రాత్రి నేనే ఆ గదిలో పడుకున్నప్పుడు. 2 గంటలు దాటాక మొదలైంది. కాగితం గొట్టం ఆనించగానే సందేహం తీరిపోయింది. నిజంగానే అది దగ్గే.

డిస్క్ ఆరోగ్యం చూపించే ఉచిత ప్రోగ్రాములున్నాయి, క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అలాంటిదే. రీఅలోకేటెడ్ సెక్టర్లు, పెండింగ్ సెక్టర్లు అనే అంకెలు సున్నా కాకుండా పెరుగుతుంటే డిస్క్ చెడుతోందని అర్థం. అయితే అంతా బాగుందని అది చూపించినా పూర్తిగా నమ్మకండి. 2007లో గూగుల్ ఇంజనీర్లు లక్షకు పైగా డిస్కుల మీద ఒక పరిశీలన ప్రచురించారు. చెడిపోయిన వాటిలో సగానికి పైగా డిస్కులలో ముఖ్యమైన నాలుగు హెచ్చరిక సంకేతాలలో ఏ ఒక్కటీ ముందుగా కనబడలేదని తేలింది. కాబట్టి చెవి విన్నదాన్ని తెర మీది అంకె చూసి కొట్టిపారేయకూడదు.

డిస్క్ దగ్గితే ఈ వరసలో చేయండి

1. మరమ్మతు ఆలోచన తర్వాత. ముందు నకలు తీయండి. అన్నిటికన్నా విలువైనవి, మళ్ళీ సంపాదించలేనివి మొదట. సినిమాలు, పాటలు చివర.

2. పదే పదే ఆపి, వేయకండి. ప్రతిసారీ పళ్ళెం ఆగి తిరగడం దానికి కొత్త గండం.

3. నకలు పూర్తయ్యేదాకా డిస్క్ సరిచేసే ప్రోగ్రాములు, డీఫ్రాగ్‌లు నడపకండి. చావుబతుకుల మధ్య ఉన్నవాణ్ణి లేపి పరుగెత్తించినట్టవుతుంది.

4. నకలు చేతికి వచ్చాక తీగ, పవర్ కనెక్షను మార్చి చూడండి. వదులు తీగ వల్ల, బలహీనమైన పవర్ సప్లై వల్ల కూడా ఇలాంటి టక్కులు రావచ్చు.

5. డిస్క్ అసలు కనిపించకుండా పోతే అక్కడితో ఆపేయండి. ఫ్రిజ్‌లో పెట్టడం, తట్టడం, మూత విప్పడం వంటి ప్రయోగాలు వద్దు. లోపలివి అంత అవసరమైతే డేటా తిరిగి తీసే నిపుణుల దగ్గరికి తీసుకెళ్ళండి.

మా డిస్క్ నుంచి నేను రెండు రోజులు కూర్చుని ఫైళ్ళు తీశాను. ఫోటోలు, కాగితాలు దాదాపు అన్నీ వచ్చాయి. కాని మా అబ్బాజాన్ బతికి ఉన్నప్పుడు తన చిన్ననాటి ఊరి సంగతులు చెబుతుంటే పాత ఫోనులో రికార్డు చేసి, కంప్యూటరులో దాచినవి 11 ఉండేవి. తొమ్మిది వచ్చాయి. రెండు రాలేదు. అమ్మీ మొదటిసారి చెప్పిన రోజే తీసి ఉంటే ఆ రెండూ వచ్చేవేమో. కనీసం "ఇది కాదు బేటా" అన్న రోజు విని ఉన్నా వచ్చేవేమో. ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. అందుకే ఈ వ్యాసం రాస్తున్నాను.

చప్పుడు చేయని డిస్క్ ఇంకా జాగ్రత్త

ఇప్పటి కొత్త కంప్యూటర్లలో ఎస్ఎస్‌డీ వస్తోంది. దానిలో తిరిగే భాగమే లేదు. వేగం ఎక్కువ, చప్పుడు లేదు. కాని దానితోపాటు పోయినది ఒకటుంది: దగ్గి హెచ్చరించే గుణం. ఎస్ఎస్‌డీ చాలాసార్లు మాటామంతీ లేకుండా ఒక్కసారిగా ఆగిపోతుంది. కాబట్టి కొత్త యంత్రం ఉన్నవారికి నకలు అవసరం తగ్గలేదు, పెరిగింది.

నిపుణులు చెప్పే 3-2-1 సూత్రం గుర్తుంచుకోవడం తేలిక. విలువైన ప్రతిదానికీ మొత్తం 3 ప్రతులు, 2 రకాల చోట్ల, వాటిలో 1 ఇంటికి బయట. కంప్యూటరులో ఒకటి, విడి హార్డ్ డిస్క్‌లో ఒకటి, తోబుట్టువుల ఇంట్లోనో క్లౌడ్‌లోనో ఒకటి. నెలకు ఒక రోజు పెట్టుకుంటే చాలు, అరగంట పని.

పాత కంప్యూటరును చదువుకునే పిల్లలెవరికైనా ఇవ్వదలచినప్పుడు కూడా ఒక పూట నడిపి చెవి పెట్టి వినండి. దగ్గే డిస్క్‌ను తీసి కొత్తది వేసి ఇవ్వండి. లేకపోతే ఆ పిల్లవాడి ఏడాది చదువు, రాతలు ఒక రాత్రిలో పోతాయి. మీ సొంత ఫైళ్ళను నకలు తీసుకుని, డిస్క్‌ను పూర్తిగా తుడిచాకే ఇవ్వాలని వేరే చెప్పనక్కరలేదు.

ఇప్పుడు మా కంప్యూటరులో కొత్త డిస్క్ ఉంది. రాత్రిళ్ళు దాన్ని ఆపేస్తున్నాం. ఆ తొమ్మిది రికార్డింగులు ఇప్పుడు మూడు చోట్ల ఉన్నాయి. పాల లెక్కల పుస్తకం మాత్రం ఇంకా ఆ బల్ల మీదే ఉంది, పక్కన పెన్సిలుతో సహా. ఇంట్లో ఎవరికి ఏ వింత చప్పుడు వినిపించినా అందులో రాస్తారు. ఎవరు రాసినా, చిన్నవాళ్ళైనా పెద్దవాళ్ళైనా, ఆ రాత్రే వెళ్ళి వింటున్నాను.